ఉర్దూ సెక్షన్ ఇషాక్ సార్

బోధన్‌లో సెక్షన్ అనే మాట చక్కెర ఫ్యాక్టరీతోపాటే వచ్చింది. చెరకు పిండే చోటు ఒక సెక్షన్, రసం కాచే చోటు ఇంకో సెక్షన్. చుట్టుపట్ల చెరకు వేసే ఊళ్లను కూడా ఫ్యాక్టరీవాళ్లు సెక్షన్లుగా విడదీశారు, ఎవరి తోట ముందు కొట్టాలో ఎవరిది ఆగాలో తేల్చడానికి. దాంతో ఇంగ్లీషు ముక్క రాని రైతు సైతం "మాది రుద్రూర్ సెక్షన్" అని తన ఇంటిపేరు చెప్పుకున్నంత తేలిగ్గా చెప్పేవాడు. ఎవరినైనా పోలీసులు పట్టుకుపోతే "ఏం సెక్షన్ పెట్టిండ్రట?" అని అంగట్లో ఆరా తీసేవారు. బడిలోకి మాత్రం ఆ మాట కాస్త ఆలస్యంగా వచ్చింది. వచ్చి, ఒక మనిషి పేరుకు ముందు అతుక్కుని, ఆయన పోయేదాకా వదల్లేదు.

ఆయన పేరు ఇషాక్. బోధన్‌లోని రాకాసిపేట వాడలో తాళాలు బాగుచేసే మనిషి కొడుకు. నిజాం కాలంలో ఊళ్లోని సర్కారు బడిలో ఉర్దూలో చదువుకుని, అదే బడిలో పంతులుగా చేరాడు. అప్పట్లో బడి అంటేనే ఉర్దూ. కాపుల పిల్లలు, తురకల పిల్లలు ఒకే బల్లమీద కూర్చుని అలీఫ్ బే దిద్దుకునేవారు. లెక్కలు చెప్పే బాలనర్సయ్య అట్లా ఇషాక్ పక్కన కూర్చుని చదువుకున్నవాడే. ఇంట్లో తెలుగు తప్ప ఇంకో మాట ఎరగని ఆయన, కోపం వస్తే మాత్రం ఉర్దూలోనే తిట్టేవాడు.

పోలీసు చర్య తర్వాత బడి మెల్లగా తెలుగులోకి మళ్లింది. యాభై ఆరులో రాష్ట్రం మారాక ఆ మళ్లింపు పూర్తయింది. ఎవరి పిల్లలకు వాళ్ల ఇంటి భాషలో చదువు దొరుకుతోంది, అందులో తప్పుపట్టవలసింది ఏముందని ఇషాక్ కూడా అనుకున్నాడు. ఒక్కో తరగతిని రెండు చేశారు. తెలుగు సెక్షన్, ఉర్దూ సెక్షన్. కోస్తా వైపు నుంచి వచ్చిన కొత్త హెడ్మాస్టరు గుమ్మాలమీద "విభాగము" అని రాయించాడు గానీ ఆ మాట ఎవరి నోటికీ ఎక్కలేదు. పిల్లలూ తల్లిదండ్రులూ చివరికి బడి గంట కొట్టేవాడు కూడా సెక్షన్ అనే అన్నారు.

సర్కారు కొలువు నిలవాలంటే తెలుగు పరీక్ష ప్యాసు కావాలన్నారు. ఇషాక్‌కు తెలుగు మాట్లాడటం పుట్టినప్పటి నుంచీ వచ్చు, అక్షరం రాదు. సాయంకాలాలు బడి వరండాలో బాలనర్సయ్య ఆయనకు పలక పెట్టి అ ఆలు దిద్దించాడు.

"భాయి, గిది భ. పొట్టకింద గీత మర్శినవ్. గీత లేకుంటే బ అయితది."

"ఒక గీతకు ఇంత లొల్లేంది నర్సయ్య? నోట్ల రెండూ ఒక్కతీర్గనే పలుకుతరు గద మీవోల్లు!"

ఇద్దరూ నవ్వుకునేవారు. ఆ పరీక్ష ఇషాక్ మొదటిసారికే ప్యాసయ్యాడు. ఆ రోజు బాలనర్సయ్య అంగడి నుంచి జిలేబీ పొట్లం పట్టుకొచ్చాడు.

గదులు చాలక రెండు సెక్షన్ల మధ్య వెదురు తడక కట్టారు. ఇంగ్లీషు చెప్పగలిగినవాడు ఇషాక్ ఒక్కడే కాబట్టి, ఆ గంటలో తడకను చుట్టి పక్కన పెట్టి రెండు వైపుల పిల్లలనూ కలిపి కూర్చోబెట్టేవాడు. తన జీవితంలో బాగున్న రోజులు ఏవంటే ఇషాక్ ఆ రోజులనే చెప్పుకునేవాడు.

ఒకనాడు పాఠంలో సెక్షన్ అనే మాట తగిలింది. అర్థం అడిగితే పిల్లలంతా "మన సెక్షనే సార్!" అని అరిచారు. ఇషాక్ తల అడ్డంగా ఊపాడు.

"గట్ల కాదు. మోసంబి ఒలిస్తే లోపల ఏముంటయి?"

"తొనలు!"

"ఎల్లిగడ్డ ఒలిస్తే?"

"పాయలు సార్!"

"అవ్వ సందుగల?"

"అరలు!"

"పొలంల?"

"మడులు!"

"ఇంగ్లీషోడు గరీబోడు రా. వీటన్నిటికీ ఆయన దగ్గర ఒక్క సెక్షనే ఉన్నది," అన్నాడు ఇషాక్. పిల్లలు పగలబడి నవ్వారు. "మరి అన్నదమ్ములు పొలం పంచుకుంటే ఎవనికొచ్చింది వానికి ఏంది?"

తెలుగు వైపు నుంచి ముత్తన్న అనే కాపు పిల్లవాడు లేచి "హిస్సా సార్" అన్నాడు. ఉర్దూ వైపు నుంచి కూడా అదే జవాబు వచ్చింది. ఇంకొకడు "పాలు" అన్నాడు, మరొకడు "వాటా" అన్నాడు. ఇషాక్ మూడూ నల్లబల్లమీద రాస్తుంటే వరండాలో పోతున్న హెడ్మాస్టరు ఆగాడు.

"హిస్సా తెలుగు కాదు మాస్టారూ. తెలుగు పిల్లల చేత భాగం అని రాయించండి."

"మా బాపు హిస్సా అంటడు సార్," అన్నాడు ముత్తన్న, నిలబడ్డవాడు కూర్చోకుండానే.

"ఇంట్లో అనుకో నాయనా. పరీక్షలో రాస్తే మార్కులు పోతాయి."

హెడ్మాస్టరు చెడ్డవాడేమీ కాదు, పిల్లవాడి మేలు కోరే చెప్పాడు. ఇషాక్ హిస్సా అనే మాటను తుడిచి, తాను కొత్తగా నేర్చిన అక్షరాల్లో, భ పొట్టకింద గీత మరిచిపోకుండా, భాగం అని రాశాడు. కానీ ఆ పూట పాఠం అంతటితో చప్పబడింది. తర్వాత ఏదైనా మాటకు అర్థం అడిగితే తెలుగు పిల్లలు జవాబు చెప్పేముందు వరండా వైపు చూడటం మొదలుపెట్టారు.

రెండు వానాకాలాలకు తడక కుళ్లిపోయింది. అటు చెప్పేది ఇటు వినబడుతోందని పంతుళ్లే మొరపెట్టుకోవడంతో దాని స్థానంలో ఇటుక గోడ లేపారు. తెలుగు సెక్షన్‌కు వేరే ఇంగ్లీషు మాస్టరు వచ్చాడు. ఇషాక్ గోడకు ఇవతల మిగిలాడు. ఉర్దూ, ఇంగ్లీషు, చరిత్ర, ఒక్కోసారి లెక్కలు కూడా తానే చెప్పుకుంటూ వచ్చాడు. ఊళ్లోవాళ్లు ఆయన్ని ఉర్దూ సెక్షన్ ఇషాక్ సార్ అనసాగింది అప్పటి నుంచే.

ఇంట్లో ఆయనకు ఉన్నది ఇద్దరే. భార్య విషజ్వరంతో పోయేనాటికి కూతురు హుస్నా ఇంకా పాలు మరవని పిల్ల. విధవరాలైన అక్క హుసేన్ బీ వచ్చి ఇల్లు పట్టుకుంది. హుసేన్ బీ పొద్దంతా చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టేది. తమ్ముడి జీతం ఉండగా ఎందుకంటే, చేతులు ఊరికే ఉంటే మనసు పాడు ఆలోచనలు చేస్తుందనేది. హుస్నా ఆ చాట పక్కనే కూర్చుని తండ్రి తెచ్చిన పుస్తకాలు చదువుతూ పెరిగింది. చదివింది చదివినట్టు అప్పజెప్పే పిల్ల కాదు, ప్రతిదానికీ ఎందుకని అడిగే పిల్ల. దీపం ఊదితే ఎందుకు ఆరుతుంది, చల్ల ఎందుకు పులుస్తుంది, ఫ్యాక్టరీ వాసన వానాకాలంలో ఎందుకు నేలబారుగా వస్తుంది? ఇషాక్‌కు వాటికి జవాబులు తెలియవు. ఆయన చదువులో సైన్సు లేదు.

అరవై దాటాక ఉర్దూ సెక్షన్ పలచబడటం మొదలైంది. ఫ్యాక్టరీలో చిన్న పని దొరకాలన్నా తెలుగు రాయడం చదవడం రావాలన్నారు. కొందరు పిల్లలను గోడకు అటువైపు మార్చారు. ఇంకొందరు అసలు చదువే మాన్పించి సైకిల్ షాపుల్లోనో దర్జీ దగ్గరో పెట్టారు. పై తరగతుల్లో ఏ ఒక్కదాంట్లోనైనా పదిహేనుమంది కంటే తగ్గితే సెక్షన్ ఎత్తేస్తామని పైనుంచి మాట వచ్చింది. అప్పటి నుంచి ప్రతి ఎండాకాలం సెలవుల చివర్లో ఇషాక్ నల్ల గొడుగు పట్టుకుని రాకాసిపేటలో ఇల్లిల్లూ తిరిగేవాడు.

సైకిళ్లు బాగుచేసే అయ్యూబ్ ఇంటికైతే మూడుసార్లు తిరిగాడు. అయ్యూబ్‌కు తాహెరా అని ఒక్కతే కూతురు, హుస్నా ఈడుది. ఆ పిల్లను తెలుగు సెక్షన్‌లో వేస్తానని అయ్యూబ్ పట్టుబట్టాడు.

"మాస్టర్ సాబ్, జమానా మారింది. గీ చదువుతోని పోరికి ఏమొస్తది?"

"మన జబాన్ మనమే ఇడిశిపెడితే ఎవడు చూస్తడు అయ్యూబ్? నా బిడ్డ కూడ గీడనే చదువుతలేదా? నా బిడ్డకు చెడ్డది నేను చేస్తనా?"

ఆ ఒక్క మాటకు అయ్యూబ్ మెత్తబడ్డాడు. అయ్యూబ్ ఒక్కడే కాదు, ఏ ఇంట్లోనైనా ఇషాక్ చివరికి చెప్పేది అదే మాట. మాస్టర్ సాబ్ సొంత బిడ్డే అక్కడుంది కదా అని జనం సరే అనేవారు. నిజానికి ఆ సెక్షన్ నిలబడింది ఆ పిల్లమీదే. ఇషాక్‌కు అది తెలుసు. తెలిసీ, ఆ సంగతి లోతుగా ఆలోచించడానికి ఇష్టపడలేదు.

హుస్నా ఎనిమిదిలోకి వచ్చిన ఏడు నిజామాబాద్ నుంచి శ్యామలమ్మ అనే సైన్సు టీచరు బదిలీమీద వచ్చింది. తెలుగు సెక్షన్‌కు మాత్రమే చెప్పేది. ఉర్దూ సెక్షన్‌కు సైన్సు చెప్పే మనిషి లేక ఆ గంట ఖాళీగా ఉండేది. హుస్నా ఆ గంటలో మంచినీళ్ల నెపంతో లేచి గోడకు అటువైపు కిటికీ దగ్గర నిలబడేది. మాటలు అర్థం కావడానికి ఇబ్బంది లేదు, తెలుగు ఆమెకు వీధి భాష. ఒకరోజు శ్యామలమ్మ వెలుగుతున్న కొవ్వొత్తిమీద గాజుగ్లాసు బోర్లించి, మంట ఎందుకు ఆరిందో చెప్పమని తరగతిని అడిగింది. కిటికీ బయటి నుంచి జవాబు వచ్చింది.

"లోపలున్న మంచి గాలి అయిపోయింది టీచర్."

శ్యామలమ్మ బయటికి వచ్చి ఆ పిల్ల పేరు కనుక్కుంది. మర్నాడు వరండాలో ఇషాక్‌ను ఆపింది.

"ఇషాక్ సార్, మీ బిడ్డను నా సెక్షన్ల కూసోబెట్టుండ్రి. ఎండకాలం సెలవుల్ల నేనే తెలుగు రాసుడు నేర్పిస్త. మంచి తెలివున్న పిల్ల. మెట్రిక్ గట్టెక్కితే నర్సు చదువుకో, ఇంకా పైకో పోతది. గిట్ల కిటికి పట్టుకోని నిలవడితె నాకే మనసున పడ్తలేదు."

ఇషాక్ సంతోషించాడు, ఆ వెంటనే భయపడ్డాడు. ఎనిమిదో తరగతిలో అప్పుడు ఉన్నది సరిగ్గా ఉండవలసినంత మందే. హుస్నా గోడ దాటితే సెక్షన్ ఆ ఏడే పోతుంది. అంతకంటే ముఖ్యం, ఇల్లిల్లూ తిరిగి నా బిడ్డ కూడా అక్కడే ఉందని చెప్పుకున్నవాడు రేపు రాకాసిపేటలో తలెత్తి ఎట్లా నడుస్తాడు? అయ్యూబ్ ముఖం ఎట్లా చూస్తాడు?

"సోంచాయించి చెప్త మేడమ్," అన్నాడు.

బాలనర్సయ్యతో ఆ మాట చెబితే ఆయన ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"ఇందుల సోంచాయించేదేమున్నది భాయి? తోల్. సెక్షన్ పోతే పోతది. రేపు కాకుంటే ఎల్లుండైన పోయేదే అది."

"నువ్వు గోడకు అటుదిక్కు నిలవడి చెప్తున్నవ్ నర్సయ్యా."

బాలనర్సయ్య లేచి తన తరగతికి పోయాడు. చిన్నప్పటి నుంచీ ఉన్న స్నేహంలో ఇషాక్ ఆయనతో అట్లా అనడం అదే మొదటిసారి.

ఆ సాయంత్రం హుస్నా తండ్రి చెప్పులు విడవకముందే ఎదురొచ్చింది. తాను అబ్బా అని పిలిచే నాయనతో శ్యామలమ్మ మాట్లాడటం ఆమె చూసింది.

"అబ్బా, టీచరమ్మ నా గురించే మాట్లాడిందా? గా సెక్షన్ల కూసోమన్నదా నన్ను?"

ఇషాక్ టోపీ తీసి మేకుకు తగిలించాడు.

"నీ గురించే అన్నది బేటీ. నీకు తెలుగు అక్షరం రాదు గదా, ఇప్పుడొస్తే ఎనకవడ్తది, ఒద్దన్నది. కిటికికాడ నిలవడొద్దని గూడ చెప్పుమన్నది."

హుస్నా "మంచిది" అని లోపలికి పోయింది. చాట దగ్గర ఉన్న హుసేన్ బీ చేతులాపి తమ్ముడి ముఖంలోకి చూసింది. ఆమెకు ఏదో అర్థమైంది, మళ్లీ ఆకు అందుకుంది. శ్యామలమ్మకు ఇషాక్ మర్నాడు వేరే జవాబు చెప్పాడు. ఇంట్లో అక్క ఒప్పుకోవడం లేదు, ఏమీ అనుకోవద్దన్నాడు.

ఆ తర్వాత హుస్నా కిటికీ దగ్గర కనిపించలేదు. ఖాళీ గంటలో తన బల్లమీదే తల వంచుకుని కూర్చునేది. దారిలో శ్యామలమ్మ ఎదురైతే పక్క సందులోకి తిరిగేది. తాను పనికిరానని తేల్చిన మనిషి ముందు నిలబడటం ఆ పిల్లకు చేతకాలేదు. ఇంట్లో ప్రశ్నలు కూడా తగ్గాయి. పిల్ల పెద్దదవుతోంది, నిమ్మళం వచ్చిందని హుసేన్ బీ అన్నది. ఇషాక్ ఆ మాటనే నమ్మాలనుకున్నాడు.

సెక్షన్ ఇంకో రెండేళ్లు కూడా నిలబడలేదు. తొమ్మిదో తరగతి సగంలో అయ్యూబ్ ఒక పొద్దున బడికి వచ్చి తాహెరా చేయి పట్టుకుని బయటికి తీసుకొచ్చాడు. గ్రీజు మరకల చొక్కాతోనే హెడ్మాస్టరు గదికి పోయి, కింది తరగతిలో వేసినా సరే, పిల్లను తెలుగు సెక్షన్‌కు మార్చమన్నాడు. ఇషాక్ వరండాలో ఎదురు నిలిచాడు.

"ఇంక కొన్ని నెలలు ఆగు అయ్యూబ్. హుస్నా లేదా ఈడ?"

"మీ బిడ్డకు మీరున్నరు మాస్టర్ సాబ్. ఇంట్ల కూసోబెట్టుకోనైన చెప్పుకుంటరు. నా బిడ్డకు ఎవలున్నరు? నాకు పానాలు తిప్పుడు తప్ప ఏమొచ్చు?"

ఆ మాటలో కోపం లేదు. ఇషాక్ పక్కకు జరిగి దారి ఇచ్చాడు. తాహెరా వెనుక ఇంకో ముగ్గురు పోయారు. ఎండాకాలం సెలవులు అయ్యాక బడి తెరిచేసరికి పై తరగతుల ఉర్దూ సెక్షన్ ఎత్తేసినట్టు ఉత్తర్వు వచ్చింది. ఆ గదిలో విరిగిన బల్లలు పేర్చారు. ఇషాక్‌ను అక్కర్లేని పంతులుగా లెక్కగట్టి రెంజల్ అవతల, మహారాష్ట్ర పొలిమేరలోని చిన్న ఊరి బడికి వేశారు.

మిగిలిన ఆడపిల్లలు చదువు మానేశారు. హుస్నా ఒక్కతే మెట్రిక్ తరగతికి గోడ దాటి తెలుగు సెక్షన్‌లో, వెనుక బల్లమీద కూర్చుంది. నిజామాబాద్‌లో ఉర్దూ బడి ఉందిగానీ ఆడపిల్లను రోజూ బస్సులో ఎవరు దిగబెట్టి తీసుకొస్తారు? తండ్రి చూస్తే రెంజల్ దాటి ఉన్నాడు. ఇక్కడే చదవక తప్పలేదు. చెప్పేది అంతా అర్థమయ్యేది. పుస్తకం తెరిస్తే మాత్రం ఒక్కో అక్షరం కూడబలుక్కోవాలి. పక్కవాళ్లు పేజీ తిప్పేసరికి ఆమె రెండో వాక్యంలో ఉండేది. శ్యామలమ్మ ఉంటే ఎట్లా ఉండేదో గానీ, ఆమె అంతకు ముందే బదిలీ అయి పోయింది. బాలనర్సయ్య సాయంకాలాలు పిలిచి కూర్చోబెట్టుకుని కొన్నాళ్లు రాత నేర్పాడు. అంతలో తెలంగాణ గొడవ మొదలై బళ్లు నెలల తరబడి మూతబడ్డాయి. ఊళ్లో నలుగురు కలిసి నిలబడితే సెక్షన్ నూటా నలభై నాలుగు అని పోలీసులు తరిమారు. ఇల్లు దాటి బాలనర్సయ్య ఇంటికి పోవడం కూడా ఆగింది.

గొడవ సద్దుమణిగాక పరీక్ష పెట్టారు. హుస్నా లెక్కల్లో మంచి మార్కులతో ప్యాసయింది, రాత ఎక్కువున్నవాటిలో తప్పింది. మళ్లీ కూర్చుంది, మళ్లీ తప్పింది. రెండోసారి ఫలితం తెలిసినరోజు ఏడవలేదు. పుస్తకాలు ఒక గుడ్డలో కట్టి అటకమీదికి ఎక్కించి, హుసేన్ బీ పక్కన కూర్చుంది.

"ఫూఫీ, కత్తెరియ్యి."

హుసేన్ బీ ఇవ్వలేదు. చాట వెనక్కి జరుపుకుంది. "గీ పని నీది కాదు బేటా," అన్నది ముసలామె. హుస్నా తానే చేయి చాచి కత్తెర తీసుకుని, నానిన తునికాకు ఒకటి తీసి కొలతకు కత్తిరించింది. చిన్నప్పటి నుంచీ చూస్తున్న పని, ఎవరూ నేర్పవలసిన అవసరం లేకపోయింది.

ఇషాక్ శనివారం వచ్చేసరికి ఇంట్లో రెండు చాటలు ఉన్నాయి. గడపలోనే నిలబడ్డాడు. అటు పొలిమేర ఊళ్లో ఆయన ఒకటో తరగతి పిల్లలకు తెలుగు అ ఆలు దిద్దిస్తున్నాడు. అందులో సగంమంది ఇంట్లో మరాఠీ మాట్లాడేవాళ్లు. వాళ్ల చేయి పట్టి అక్షరం రాయించేటప్పుడల్లా, తన ఇంట్లో ఒక పిల్లకు ఇది రాయించడానికి మనసొప్పలేదు కదా అనిపించేది. ఆ మాట ఇంటికి వచ్చి చెబుదామనుకునేవాడు. వచ్చాక బస్సు సంగతో బడి సంగతో చెప్పి ఊరుకునేవాడు.

హుస్నాకు సంబంధాలు వచ్చాయి. ఒక్కటీ ఒప్పుకోలేదు. ఎందుకని అడిగితే ఊరికే నవ్వేది. ఇషాక్ ఉద్యోగం నుంచి దిగి ఇంటికి చేరాడు. తర్వాతి ఏడు కంట్లో పొర కమ్మితే నిజామాబాద్ పెద్దాసుపత్రిలో కోయించుకోవడానికి బాలనర్సయ్య వెంటబెట్టుకుని పోయాడు. కట్టు విప్పినరోజు మంచం పక్కన తెల్లచీరలో ఒక ఆకారం మసగ్గా కనిపించింది.

"సలాం మాస్టర్ సాబ్. గుర్తువట్టలేదా? నేను తాహెరాను, సైకిల్ షాపు అయ్యూబ్ బిడ్డను."

ఆ అమ్మాయి ఆయన కంట్లో మందు వేసింది, దిండు సరిచేసింది. వెళ్లబోతూ ఆగి అడిగింది.

"హుస్నా ఏం చేస్తున్నది సార్ ఇప్పుడు? నాకంటె ఎక్కువ తెలివి గద ఆమెకు. డాక్టరైతదనుకున్న."

ఇషాక్ ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. "ఇంట్ల ఉన్నది బిడ్డా, మంచిగనే ఉన్నది," అని బాలనర్సయ్య అందుకున్నాడు. తాహెరా వెళ్లాక కంట్లో నీళ్లు పెట్టొద్దని డాక్టరు చెప్పాడని బాలనర్సయ్య ఒక్కటే గుర్తుచేశాడు.

ఇంటికి వచ్చిన మర్నాడు మధ్యాహ్నం హుసేన్ బీ కునుకు తీస్తుంటే ఇషాక్ కూతురు ముందు కింద కూర్చున్నాడు. ఎట్లా మొదలుపెట్టాలో తెలియక చాటలోని ఆకును అటూ ఇటూ తిప్పాడు.

"బేటీ, నీకొక్క మాట చెప్పాలె. శ్యామలమ్మ టీచర్ నిన్ను ఒద్దనలేదు. పంపుమన్నది. సెలవుల్ల తనే చదువు చెప్తనన్నది. నేనే..."

"తెల్సు అబ్బా."

ఇషాక్ తల ఎత్తాడు. హుస్నా చేతులు ఆగలేదు. తమాకు పోసి ఆకు చుట్టి దారం వేస్తూనే చెప్పింది.

"టీచరమ్మ బదిలీ అయి పోయేనాడు బస్టాండ్ల ఎదురైంది. తప్పించుకోని పోతుంటె పిలిచింది. మీ నాయిన మేనత్త మీద పెట్టి చెప్పిండు గని, నువ్వన్న అడగకపోతివి బిడ్డా అన్నది. గప్పుడే తెల్సింది."

"గప్పుడు తొమ్మిదిల ఉంటివి. నన్నెందుకు అడగలేదు బేటీ? కొట్లాడితె..."

"ఏమని అడగాలె? అయ్యూబ్ చాచా ముందు మీ మాట పోతదని మీరు భయపడ్డరు. నేను అడిగితే మీరు నా ముందుగూడ తల దించుకోవాల్సి వస్తుండె." బీడీ కొస మడుస్తూ, "అయినా చానా రోజులు కోపం ఉండె. ఇప్పుడు గూడ ఉన్నది కొంచెం," అన్నది.

"మాఫ్ చెయ్యి బేటీ."

హుస్నా చుట్టిన బీడీలను కట్టగా సర్ది పక్కన పెట్టింది. "కంటిమీద ఎండ పడుతున్నది అబ్బా, లోపటికి పోయి పండుకోండ్రి," అన్నది. ఇషాక్ లేచి లోపలికి పోయాడు.

ఆ తర్వాత ఆ మాట వాళ్లిద్దరి మధ్య మళ్లీ రాలేదు. ఇషాక్ మూడేళ్లు బతికాడు. చేతనైనన్నాళ్లు పొద్దున్నే ఆకులు కడిగి తడిబట్టలో చుట్టిపెట్టేవాడు. హుస్నా ఒద్దనలేదు. ఎవరైనా ఇంటికి వచ్చి పాత రోజుల సంగతి ఎత్తితే లేచి పెరట్లోకి పోయేవాడు. డెబ్భై ఏడు వానాకాలంలో నాలుగు రోజుల జ్వరంతో పోయాడు. వానలో జనం పెద్దగా రాలేదు. అయ్యూబ్ వచ్చి పాడె ఒక వైపు పట్టాడు. బాలనర్సయ్య కబరస్తాన్ దాకా నడిచి, మట్టి వేయడం అయ్యాక కూడా గొడుగు కింద చాలాసేపు నిలబడిపోయాడు.

అప్పటికే హుసేన్ బీకి చూపు ఆనడం లేదు. దుఃఖం పాటించే మూడు రోజులు గడిచాక, నాలుగో రోజు నుంచి ఆకులు కడిగే తండ్రి పనీ, బీడీలు చుట్టే మేనత్త పనీ కూడా హుస్నా ఒక్కతే చేసుకోసాగింది.